ఫెయిలైందని చెప్పొద్దు

స్టేషన్ ఎంక్వైరీ కౌంటర్లో ముప్ఫై ఒక్క ఏళ్లు కూర్చున్నవాణ్ణి. బండి రద్దయితే రద్దయిందని మొహం మీదే చెప్పేవాణ్ణి. చెబితే తిట్టుకుంటూనైనా వెళ్లి బస్సు పట్టుకుంటారు. చెప్పకపోతే పెట్టె మీద కూర్చుని పల్లీలు తింటారు. అలాంటి నన్ను, రిటైరయ్యాక, "రామ్మోహనరావు అంకుల్‌కి జనంతో మాట్లాడటం తెలుసు" అంటూ తెలిసినవాళ్లబ్బాయి హరికిషన్ ఉద్యోగంలో పెట్టుకున్నాడు. మనిషిని చూసి మోసపోవడమంటే ఇదే.

బన్సీలాల్‌పేట్‌లో మెట్లబావి అవతలి సందులో వాళ్ల సొంతిల్లు. కింద తల్లి శారదమ్మ ఉంటుంది, పైన ఆఫీసు. ఆఫీసంటే హరికిషన్, కోడు రాసే నవత, నేను, ఒక కూలరు. మేం తయారు చేసేది ఒక టూల్. క్రిప్టో డబ్బు పంపితే దానికి గజం పొడుగు నంబరొకటి వస్తుంది. ఆ నంబరిస్తే ఎవరు, ఎవరికి, ఎంత పంపారో, అందిందో లేదో మా టూల్ చెప్పాలి. అడిగేది మనుషులు కాదు, మనుషుల తరఫున బేరాలు చక్కబెట్టే ఏఐ ఏజెంట్లు. దీనికోసం హరికిషన్ ఆ ఇంటి కాగితాలు బ్యాంకులో తాకట్టు పెట్టాడు. టూల్ అమ్ముడైతే ఇల్లు దక్కుతుంది, లేకపోతే లేదు. ఇల్లు శారదమ్మ పేరు మీద ఉంది. ఆమె రోజూ నాలుగింటికి చాయ్ పట్టుకొచ్చి ఒకటే మాట అడిగేది.

"కొడుకా, అమ్ముడుపోయిందా?"

"అయిపోతదమ్మా."

నవత చేసిన మొదటి రూపం చక్కగా పనిచేసింది. వచ్చిన చిక్కల్లా అదే. బేగంపేట నుంచి కొనడానికొచ్చిన ఒక పెద్దమనిషి తాను ఎవరికో పంపిన డబ్బు నంబరే ఇచ్చి పరీక్షించాడు. "ఫెయిల్. పంపినవారి దగ్గర అంత డబ్బు లేదు" అని టూల్ జవాబిచ్చింది. వెంట వచ్చిన బావమరిది దాన్ని గట్టిగా చదివాడు. పెద్దమనిషి చాయ్ కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు.

"ఏందీ నవతా ఇది?" హరికిషన్ నెత్తి పట్టుకున్నాడు. "గిట్ల మొహం మీద కొట్టినట్టు చెప్తే ఎవడు కొంటడు? ఫెయిలైందని చెప్పొద్దు. జెర నైసుగ చెప్పాలె."

"నైసుగ చెప్తే పాసైతదా సార్?"

"అంకుల్ రాస్తరు." హరికిషన్ నా వైపు తిరిగాడు. "మీ లెక్క రాసేటోళ్లు లేరు అంకుల్."

నేను కాదనాల్సింది. ఊరికే ఉండే నోరు కాదు నాది. కానీ పింఛను మీద ఇంకో పాతిక వేలు వస్తున్నాయి. పైగా ఈ వయసులో షుగరు కంటే పొగడ్త ప్రమాదం. కూర్చుని రాశాను. ఆలస్యమైతే "దారిలో ఉందండీ." ఫెయిలైతే "డబ్బు వచ్చేస్తుంది, మీరు నిశ్చింతగా మిగతా పని కానివ్వండి." సిగ్గు విడిచి చెబుతున్నాను, రాస్తుంటే భలే హాయిగా అనిపించింది. కౌంటర్లో ఎవరికీ చెప్పని తీపి మాటలన్నీ ఆ వారంలో చెప్పేశాను. నవత వాటిని ఎక్కించింది గాని మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

అలాంటి మాటలు మనవాళ్లను ఏమీ చేయవు. ఫోన్లో "ఐదు నిమిషాల్లో ఉంటా" అన్నవాడు ఇంకా స్నానం చేయలేదని మనకు తెలుసు. ఏజెంటుకు ఆ తెలివి ఎక్కడిది? అదేమైనా మల్కాజ్‌గిరిలో పెరిగిందా? చెప్పింది నమ్ముతుంది.

శుక్రవారం ఎక్కడో విదేశంలో ఒకడు కొంటానన్నాడు. డబ్బు క్రిప్టోలో పంపుతానన్నాడు. బేరమంతా వాడి ఏజెంటూ మా ఏజెంటూ మాట్లాడుకున్నాయి. డబ్బు సంగతి మన టూల్‌నే అడిగి, అది సరేనంటే కోడు, పాస్‌వర్డులు అప్పజెప్పమని హరికిషన్ తన ఏజెంటుకు పురమాయించి భోజనానికి కిందికి పోయాడు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అప్పగింతలు అయిపోయాయి. స్క్రీన్ మీద టూల్ ఇచ్చిన జవాబు ఉంది: "డబ్బు వచ్చేస్తుంది, మీరు నిశ్చింతగా మిగతా పని కానివ్వండి." ఏజెంటు కానిచ్చేసింది.

నవత అసలు రికార్డు తెరిచి చూసింది. ఫెయిల్. పంపినవాడి దగ్గర పైసా లేదు. వాడికి పెట్టిన మెయిళ్లన్నీ తిరిగొచ్చాయి, కోడు తిరిగి రాలేదు. మా దగ్గర నకలున్నా, వాడి దగ్గర ఊరికే దొరికేదాన్ని ఇక ఎవరు కొంటారు? హరికిషన్ మాత్రం అదే నంబరు పెట్టి టూల్‌ను మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు. అది ప్రతిసారీ నా మాటలతో అతన్ని ఓదారుస్తోంది. చూడలేకపోయాను.

నాలుగింటికి శారదమ్మ వచ్చింది.

"పైసలొచ్చినయా కొడుకా?"

"దారిల ఉన్నయమ్మా."

ఆమె మా ముగ్గురి మొహాలూ చూసింది. "సారూ, మీరు చెప్పుండ్రి."

వేల మందికి చెడ్డ కబురు చెప్పాను. ఏ ఒక్కసారీ దానికి కారణం నేను కాదు. ఇప్పుడు నేనే.

"రాలేదమ్మా. ఇక రావు. సరుకూ పోయింది. వస్తాయన్న ఆ అబద్ధం రాసింది నేనే."

ఏడుస్తుందనుకున్నాను. చాయ్ గ్లాసులు బల్ల మీద పెట్టి కొడుకు రెక్క పట్టి లేపింది.

"లే హరీ. బ్యాంకు బంద్ కాకముందే పోయి మేనేజరును టైమ్ అడుగుదాం."

గుమ్మం దగ్గర ఆగి నా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. అదే నన్ను చంపింది.

"ఆర్నెల్ల సంది దినాం అడుగుతున్న సారూ. ఒక్కలన్న కాదని చెప్తే, ఈ మీది అంతస్తు రూములు కిరాయికిచ్చి కిస్తులు కట్టుకుంటుంటి."

ఆర్నెల్లూ ఆమె అడిగిన ప్రతిసారీ నేను ఈ గదిలోనే ఉన్నాను.