కండక్టర్ బండి కొన్నాడు

ముందే చెబుతున్నా, నవ్వకండి. కొల్హాపూర్ నుంచి మాలవణ్ పక్కన ఒక పల్లె దాకా నూట యాభై చిల్లర కిలోమీటర్లు. ఈ కాలం కుర్రాళ్లకి అదొక దూరమే కాదు, పొద్దున టీ తాగి బయల్దేరి మధ్యాహ్నం అన్నానికి చేరిపోతారు. వాళ్లని కూడా యాభై తొమ్మిదేళ్లకి క్లచ్ పట్టుకోవడం నేర్చుకుని, ఆ తర్వాత ఘాట్ దిగి చూపించమనండి. అప్పుడు మాట్లాడదాం.

నా పేరు శ్రీపతి చౌగులే. సర్కారు బస్సులో కండక్టరుగా చేసి పోయినేడు రిటైరయ్యాను. బతుకంతా బస్సులో తిరిగానే గానీ ఏనాడూ స్టీరింగు ముట్టుకోలేదు. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక శుక్రవార్ పేఠ్‌లో రెండు గదుల ఇంట్లో ఒక్కణ్ణే. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ తెల్లారింది మొదలు గొంతు చించుకోవడమే నా పని. ముందుకు జరగండి, చిల్లర తీయండి, ఓ పెద్దమ్మా ఆ కోడిని ఒళ్లో పెట్టుకో. రిటైరయ్యాక పాలవాడితో "అర లీటరు" అన్నానంటే ఆ రోజుకి నా మాటలు అయిపోయినట్టే. ఒకరోజు ఎవరో తలుపు కొడితే "ఎవరూ" అందామని నోరు తెరిచాను, గొంతు పెగల్లేదు. ఆ రోజు నిజంగా భయమేసింది.

అప్పుడే ఒక మోటార్‌సైకిల్ బండి కొందామనిపించింది. సరదాకి కాదు, సఖారామ్ పరబ్ కోసం.

పరబ్ నా డ్రైవరు. మాది నైట్ హాల్ట్ బస్సు. సాయంత్రం కొల్హాపూర్‌లో ఎత్తితే చీకటి పడేసరికి కొండల్లో ఏ కరంజవాడో చేరేది. రాత్రికి అక్కడే, బస్సులోనే పడక. తెల్లారి మొదటి ట్రిప్పుతో వెనక్కి. ఇరవయ్యేళ్లు ఇదే వరస, ఘాటు పొడుగునా పది పన్నెండు ఊళ్లు. ఆ డ్యూటీ అంటే డిపోలో అందరూ పారిపోయేవాళ్లు. చలి, దోమలు, స్నానానికి వాగు. నేను మాత్రం అడిగి మరీ వేయించుకున్నాను. బస్సు వెనకాల కిరసనాయిలు స్టవ్ మీద పరబ్ పప్పు పడేసేవాడు, నేను జొన్నరొట్టెలు కొట్టేవాణ్ణి. తిన్నాక చెరో సీటు మీద వాలి, ఆయన గురక మొదలయ్యేదాకా నేను ఏదో ఒకటి వాగుతూనే ఉండేవాణ్ణి. ఈ జన్మలో నాకు ఇల్లంటూ ఒకటుందంటే అదే.

రిటైరయ్యాక పరబ్ కొంకణంలో, మాలవణ్ పక్కన తన ఊరికి వెళ్లిపోయాడు. నా ఆలోచన ఏంటంటే, ఇద్దరం బండి మీద ఆ ఊళ్లన్నీ ఒక్కొక్కటీ మళ్లీ తిరగాలి. ఎక్కడ పొద్దుగూకితే అక్కడే పడక. బండి ఆయన నడుపుతాడు, నేను వెనక కూర్చుంటాను. కాకపోతే ఆయన దాకా బండిని ఎవరో ఒకరు తోలుకెళ్లాలిగా, అందుకని నేర్చుకోక తప్పలేదు. వీధి చివర పంక్చర్లేసే ములాణీ రెండు నెలలు మైదానంలో నేర్పించాడు. మూడుసార్లు పడ్డాను, ఒకసారి ములాణీ మీదే పడ్డాను.

ఫోన్ చేశాను. "గురువారం వస్తున్నా, పరబ్."

"ఏ బస్సుకి?"

"బస్సు కాదు, నా బండి మీద."

"ఎవరు నడుపుతారు?"

"నేనే."

"రోడ్డు మీద జనం ఏం పాపం చేశారయ్యా మాస్తరూ?" అన్నాడు. మా వైపు కండక్టర్ని మాస్తరనే పిలుస్తారు.

ఎందుకొస్తున్నానో చెప్పలేదు. ఫోన్లో అడిగే మాట కాదది. వస్తాడా, రాడా. ఆ వారమంతా బుర్రలో ఇది తప్ప ఇంకోటి లేదు.

గురువారం తెల్లారగానే బయల్దేరాను. రాధానగరి దాకా బాగానే సాగింది. స్టాపు వచ్చినప్పుడల్లా దాని పేరు నోట్లోంచి దానంతటదే ఊడిపడేది. "హళదీ, హళదీలో దిగేవాళ్లు" అని అరిచాను కూడా. హెల్మెట్లో నా గొంతు నాకే గింగిరుమంది. వెనక దిగేవాళ్లెవరూ లేరు. కాసేపు మరీ దిగులుగా అనిపించి, ఆ తర్వాత స్టాపులు వచ్చినా నోరు మూసుకునే పోయాను.

రాధానగరి దాటాక దారి రెండుగా చీలింది. బోర్డు లేదు, మనిషి లేడు. బండి ఆపి అలాగే నిలబడిపోయాను. ఎటో తెలీదు. ఇరవయ్యేళ్లు రోజూ పోయొచ్చిన దారండీ అది. ఖర్మ కాకపోతే ఏంటి. రెండు స్టాపుల మధ్య నేను ఏనాడు తలెత్తాను గనక? ఒకడికి టికెట్ కొట్టడం, ఇంకొకడితో చిల్లర కోసం గొడవ, బస్సు ఎటు తిరిగితే అటు ఒళ్లు వాలడం, అంతే. పోనీ ఒళ్లు ఎటు వాలేదో గుర్తొస్తుందేమోనని బండి మీదే కళ్లు మూసుకుని అటూ ఇటూ ఊగి చూశాను. ఎడమకి అనిపించింది, ఎడమకే పోయాను.

ఆ రోడ్డు తిన్నగా పోయి డ్యామ్ నీళ్లలో దిగింది. ఉత్తమాట కాదు, తారు రోడ్డు తారు రోడ్డుగానే నీళ్లలోకి పోయింది. అది ఎప్పటిదో పాత దారట, మునిగిపోయింది. ఒడ్డున ఒకావిడ గేదెను కడుగుతోంది.

"ఏం తాతా, బండికి దాహమేసిందా?"

"కరంజవాడికి ఇదే కదమ్మా దారి?"

"ఈతొస్తే ఇదే," అని నా మొహంలోకి చూసింది. "ఆగాగు, నువ్వు నైట్ హాల్ట్ బస్సు కండక్టరువి కాదూ? చిల్లర లేదని మా అమ్మగారి ఊరి దాకా నా బుర్ర తినేశావు ఒకసారి. రోజూ పోయే దారి నీకు తెలీదా?"

"నాకు స్టాపులు తెలుసు. దారి డ్రైవరు చూసుకునేవాడు."

"మరి ఆ డ్రైవర్ని తెచ్చుకోకపోయావా?"

"తెచ్చుకోడానికే పోతున్నా," అన్నాను. పైకి ఆ మాట అనగానే ఎందుకో ప్రాణం లేచొచ్చింది. ఆవిడ బండి వెనక్కి తిప్పడానికి ఒక చెయ్యి వేసింది గానీ, నవ్వు ఆపుకోలేక సగంలో వదిలేసింది.

కరంజవాడిలో దిగాను. మేం బస్సు ఆపుకునే చోట ఎవరిదో ఇసక పోసి ఉంది. నైట్ హాల్ట్ ఎత్తేశారట. టీ కొట్టు మనిషి కొత్తవాడు, నేనెవరో తెలీదు, చెబుదామన్నా వినే తీరికలో లేడు. ఇసక పక్కన నిలబడి ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టె తిన్నాను. ఈసారి పరబ్‌తో వస్తాను గదా, ముందు ఇక్కడే మకాం అనుకున్నాను. ఆ ఇసక ఎవరిదో కనుక్కుని తీయించాలని కూడా అనుకున్నాను. చూడండి నా పిచ్చి.

ఘాట్ సంగతి ఎక్కువ చెప్పను. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, వెనక లారీ. వాడు ఆపకుండా హారన్ కొడుతూనే ఉన్నాడు. పక్కకి తప్పుకుందామంటే పక్కన ఏమీ లేదు. అన్ని వంపుల్లోనూ ఒక్క మనిషి లేడు "భలే దిగుతున్నావే" అనడానికి. దిగాక చింతచెట్టు కింద బండి ఆపాను. నాకు ఆ క్షణంలో పరబ్ మీద కోపం వచ్చింది, నన్ను ఒక్కణ్ణే ఇదంతా దిగనిచ్చాడని. ఆయనకేం తెలుసు పాపం.

చేరేసరికి మధ్యాహ్నం తిరిగిపోయింది. పరబ్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. నన్ను కాదు, ముందు బండిని చూశాడు. వంగి చక్రం దగ్గర ముక్కు పెట్టాడు.

"ఘాట్ అంతా బ్రేకు మీదే దిగావా?"

"నీకెలా తెలుసు?"

"మాడువాసన ఊరంతా కొడుతోంది," అని, అప్పుడు నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. వీపు మీద రెండు దెబ్బలు వేశాడు. ఎవరైనా నన్ను ముట్టుకుని ఎన్నాళ్లయిందో.

ఇంటి నిండా మనుషులు. కొడుకు, కోడలు, మనవలు, ఒక పిల్లి. పరబ్ భార్య వత్సల వదిన చేపల పులుసు వడ్డించింది, గ్లాసులో కొబ్బరిపాల సోల్‌కఢీ పోసి పెట్టింది. తిన్నంతసేపూ నేను నీళ్లలోకి పోయిన రోడ్డు కథ చెబుతుంటే పిల్లలు పడిపడి నవ్వారు. నాకు నా గొంతు తిరిగొచ్చింది. పిల్లలు ఆటకి పోయాక, పరబ్ నేను వసారాలో కూర్చున్నాక, అడిగేశాను. రేపే బయల్దేరదామన్నాను. ఊళ్ల పేర్లన్నీ వరసగా చెప్పాను. బండి నువ్వే నడపాలి అన్నాను. స్టవ్ కొన్నాను, కొత్తది, చిన్నది అన్నాను.

గుమ్మంలోంచి వదిన నవ్వింది.

"ఈయన్నా తీసుకెళ్లేది, భావోజీ? మా చెల్లెలి కూతురి పెళ్లికి రత్నగిరి వెళ్లాం. తలంబ్రాలు కాగానే చెయ్యి కడుక్కుని ఇంటికి పరిగెత్తుకొచ్చేశాడు. నన్ను అక్కడే వదిలేసి మరీ. రిటైరయ్యాక ఒక్క రాత్రి బయట పడుకోలేదు."

"నువ్వు లోపలికి పో," అన్నాడు పరబ్. ఆవిడ పోయింది. ఆయన నా వైపు తిరిగాడు. "కోపం తెచ్చుకోనంటే చెబుతా."

"చెప్పు."

"పొద్దున మొదటి ట్రిప్పు నేనెప్పుడూ టైముకంటే ముందే తీసేసేవాణ్ణి, గుర్తుందా?"

గుర్తులేకపోవడమేంటి. మా బస్సు ఏనాడూ లేటు కాదని డిపోలో మీసం మెలేసేవాణ్ణి నేను.

"ఒక రాత్రి తగ్గింది రా బాబూ అని, మాస్తరూ. అందుకు తీసేవాణ్ణి. నేను ఆ బస్సులో పడుకుంటుండగానే ఇద్దరు పిల్లలూ పెద్దయిపోయారు. నా పెళ్లాం ఎలా నవ్వుతుందో నాకు రిటైరయ్యాక తెలిసింది. ఇప్పుడు ఇంట్లో ఉన్నాను. ఇక ఎవరెంత చెప్పినా కదలను."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాట చెప్పలేదేం?" కోపం తెచ్చుకోనన్నాను గానీ వచ్చింది. మామూలు కోపం కాదు, ఒళ్లంతా మండింది.

"నువ్వు అంత సంబరంగా రొట్టెలు కొడుతుంటే ఏం చెప్పమంటావు?"

"ఒక్క రాత్రి కూడా బాగోలేదా?"

అబద్ధం చెప్పొచ్చు ఆయన. ఒక్కటంటే ఒక్కటి ఉందని చెబితే నేను దాంతోనే బతికేసేవాణ్ణి. పరబ్ ఎప్పుడూ అబద్ధమాడడు, అదే ఆయనతో చిక్కు. చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే వెతికాడు పాపం.

"నీ రొట్టెలు బావుండేవి," అన్నాడు.

నేను లేచి బండి దగ్గరికి వెళ్లి, తుడవక్కర్లేని సీటు తుడిచాను. ఇరవయ్యేళ్లు నేను నా ఇంట్లో ఉన్నాను, పక్క సీటు మీద ఈయన తన ఇంటికి దూరంగా ఉన్నాడు. ఒకే బస్సు, ఒకే దీపం. నాకు ఎంత సిగ్గేసిందో, ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను. తప్పు ఆయనది కాదు. నాది కూడా కాదనుకుంటా. అయినా ఏం లాభం.

వాళ్లు నాలుగు రోజులు ఉండమన్నారు. వదిన చెయ్యి పట్టుకుని అడిగింది. పనుందని చెప్పాను. ఏం పనని ఎవరూ అడగలేదు, అందుకు వాళ్లకి దణ్ణం పెట్టాలి. ఆ రాత్రి నాకు వసారాలో మంచం వేశారు. పరబ్ లోపల పడుకున్నాడు, గోడ అవతల.

పొద్దున వాళ్ల వాకిలి నుంచి రోడ్డు మీదికి ఎర్రమట్టి ఎత్తు. నిన్న దిగేటప్పుడు తెలియలేదు. గేరు వేసి క్లచ్ వదిలితే ఆగిపోతోంది, రేజ్ గట్టిగా ఇస్తే చక్రం మట్టిలో తిరుగుతోంది. పరబ్ మోకాళ్ల నొప్పులతోనే వచ్చి వెనక చేతులు వేశాడు. "మెల్లగా వదులు, మెల్లగా. ఇప్పుడియ్యి." ఆయన ఊపిరి నా వీపుకి తగులుతోంది. ఒక్కసారిగా బండి పట్టు దొరికించుకుని ఎగిరినట్టు రోడ్డెక్కింది.

వెనక నుంచి పరబ్ ఏదో అరిచాడు. సరిగ్గా వినపడలేదు. మళ్లీ రమ్మన్నాడో, గేరు మార్చమన్నాడో, లేక రాత్రంతా వెతికితే బాగున్న రాత్రి ఒకటి గుర్తొచ్చిందో. తిరిగి చూద్దామంటే నేను తల తిప్పిన వైపుకే బండీ పోతుంది, నాకింకా అంత రాదు. చెయ్యి ఊపుదామంటే రెండు చేతులూ హ్యాండిల్‌కే చాలడం లేదు. ఆగి అడగొచ్చు. కానీ ముందంతా ఇంకా ఎత్తే. ఆగితే మళ్లీ బండి కదిలించడం నా వల్ల కాదు, ఆ మోకాళ్లతో ఆయనే మళ్లీ పరిగెత్తుకుంటూ రావాలి. పోనిచ్చాను.