ఎర్ర గడి

పొద్దున్నే టీ ఫ్లాస్కు, ఇడ్లీ పొట్లం సైకిలుకి తగిలించుకుని కొండబాబు పల్లపు మడికి వెళ్తాడు. మడి నడుమ తాటాకు పాకలో వాళ్ళమ్మ ఉంటుంది; ఆమె పేరు తాతమ్మ. ఆమె టీ తాగేదాకా గట్టు మీద కూర్చుంటాడు. నిరుడు పంటల మ్యాపు వచ్చినప్పటి నుంచీ ఇదే వరస.

ఏ నేల ఏ పంటకు పనికొస్తుందో చూపే మ్యాపు అది. ఉపగ్రహం తీసిన ఫొటోను కంప్యూటరు గళ్ళుగా విడగొట్టి రంగులు వేసింది. వరికి ఆకుపచ్చ, చోళ్ళు, పెసలు లాంటి మెట్టపంటలకు పసుపు, దేనికీ పనికిరాని చోట ఎరుపు. నేల కూడా ఆ రంగు ప్రకారమే నడుచుకుంది. పసుపు పడ్డ మళ్ళలో నీరు నిలవడం మానేసింది; రైతులు వరి మాని చోళ్ళు చల్లుకున్నారు. కొండబాబు మడి ఊళ్ళోకెల్లా చదునైంది. ఉపగ్రహం పైనుంచి పోయిన రోజున ఊరందరి ధాన్యమూ అందులోనే టార్పాలిన్ల మీద ఆరుతోంది. కంప్యూటరుకి అది రాతిపలకలా కనిపించింది. ఎరుపు పడింది.

అప్పటి నుంచీ ఆ గడిలో గడ్డిపరక మొలవలేదు. అసలు ఏదీ పెరగలేదు. పెళ్ళికి వెళ్ళాలంటే వరసకు బావమరిదయ్యే గంగులు ముందురోజే గెడ్డం గీయించుకుని వచ్చి అక్కడే పడుకునేవాడు.

"తెల్లారికి నున్నగా ఉంటాది బావా," అనేవాడు. "నీ మడి ఇలాగే ఉంటే సెలూన్లు మూసుకోవాల."

తాతమ్మ కడుపులో గడ్డ ఉంది. ఈ వయసులో ఆపరేషను పనికిరాదని, ఏడాది తిరగదని శ్రీకాకుళం డాక్టరు చెప్పాడు. కొండబాబే ఆమెను మంచంతో సహా మోయించుకొచ్చి ఎర్ర గడిలో దించాడు. గడ్డ ఆగిపోయింది. ఏడాది తిరిగాక తీసిన స్కానింగులోనూ నిమ్మకాయంతది నిమ్మకాయంతే ఉంది.

ఈ ఏడు తొలకరికి మ్యాపు సరిచూడటానికి వ్యవసాయ శాఖ నుంచి శైలజ అనే అమ్మాయి టాబ్ పట్టుకుని వచ్చింది. మట్టి తీసి నలిపింది. తడిపి ఉండ చేసింది.

"కొండబాబు గారూ, ఇది తప్పు పడింది. మంచి వరి నేల. మీరు ఒప్పుకుంటే ఆకుపచ్చ చేసేస్తాను."

కొండబాబు పాకవైపు చూశాడు. "మాయమ్మ ఉన్నాది మేడమ్. కడుపులో గెడ్డ. ఈ నేల మీదుంటే పెరగదు."

శైలజ టాబ్ దించేసింది. "అయితే వదిలేస్తాను. మీరు అడగకపోతే నేను ముట్టుకోను. దగ్గర్లో ఇంకో ఎర్ర గడి లేదా?"

"కొండమీద క్వారీ. బాంబులెట్టి పేలుస్తారు. మనుసుల్ని రానివ్వరు."

కొండబాబు భార్య అరుణశ్రీ గట్టు మీదే ఉంది.

"ఏటి ఆలోసిస్తన్నావు? నిరుడంతా కొట్టు బియ్యం తిన్నాం. ఆవిడ సావదు, మనకి పండదు. మీ అమ్మని సేలో దిష్టిబొమ్మలాగ నిలబెట్టుకుని, ఆకలేసినప్పుడల్లా సూస్తా కూకో."

కొండబాబు చేయి పంచెకు తుడుచుకుని ఒప్పుకున్నట్టు టాబ్ మీద వేలిముద్ర వేశాడు.

"ఏరా, ఏ రంగేసినారు?" పాకలోంచి తాతమ్మ అడిగింది.

"ఎరుపేనమ్మా. మార్సనేదు."

వాన పడ్డ మర్నాడు మంచం కింద గరిక లేచింది. తాతమ్మ చేయి కిందికి వేలాడేసి దాన్ని తడిమింది. కొడుకు ఇంటికి రమ్మంటే రానంది. పాకను వదిలి చుట్టూ నాట్లు వేశారు.

చేను ఏపుగా లేచింది. చీర కింద తాతమ్మ కడుపూ లేచింది. సేను ముందా, ముసిల్ది ముందా అని టీ కొట్టు దగ్గర పందేలు వేసుకున్నారు. గంగులు చేను మీద కాశాడు.

వరి వెన్ను వంగేసరికి తాతమ్మ లేచి కూర్చోలేకపోయింది. కొండబాబు రోజూ ముందు చేను చూసి, ఆ తర్వాత అమ్మను చూసేవాడు. ఒకనాడు చెంచాతో టీ పోస్తూ, మనసులో ఉన్నది అనేశాడు.

"అమ్మా, గింజ ఇంకా పాలమీదున్నాది. కోతలయ్యేదాకా ఆగమ్మా. మైలొస్తే పదిరోజులు సేలో దిగలేం. తుపాను రోజులు."

తాతమ్మ టీ మింగింది.

"ఆగడానికే కదరా నన్నిక్కడ దించినావు," అంది. "ఆగే సోటు ఇదొక్కటే ఉండీది. అందులో వరేసీసినావు."

కొండబాబు తువ్వాలుతో ఆమె మూతి తుడిచాడు. బయటికొచ్చి ఒక గింజను గోటితో నొక్కాడు. పాలు కారాయి. వేలు పంచెకు రాసుకుని, కోత మిషను వాడితో ముందే మాట్లాడి ఉంచుదామని నరసన్నపేట బయలుదేరాడు.