ఎనిమిదిలోంచి రెండుసార్లు ఆరు

టీకాల ఫ్రిజ్ తలుపు తీశాను. లోపలి థర్మామీటర్ మైనస్ నాలుగు చూపిస్తోంది. ఒక సీసా తీసి ఊపాను. మందు కదల్లేదు, రాయిలా గడ్డకట్టింది. ఆ టీకాలు ఒక్కసారి గడ్డకడితే అంతే సంగతులు, కరిగించినా పనికిరావు. బయట వరండాలో పసిబిడ్డల్ని ఒళ్లో పెట్టుకుని ముప్పైమంది తల్లులు ఎదురుచూస్తున్నారు.

ఆసుపత్రిలో మందుల గది బాధ్యత నాది. పదహారేళ్ల సర్వీసు. ముక్కు మీద కోపమని అందరూ అంటారు, అనుకోనీ. లెక్క విషయంలో మాత్రం నన్ను వేలెత్తి చూపినవాళ్లు లేరు. అందుకే తప్పెవరిదో తేల్చడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. మెకానిక్ బాబాయ్‌ది.

పొద్దున కరెంటు పోయి వచ్చాక ఫ్రిజ్ ఎనిమిది డిగ్రీలకు చేరింది. అది రెండుకీ ఎనిమిదికీ మధ్యనే ఉండాలి. బాబాయ్ వచ్చి చూసి, చల్లదనాన్ని అదుపులో ఉంచే థర్మోస్టాట్ కాలిపోయిందన్నాడు. కొత్తది తేవడానికి రెండు గంటలు పడుతుందట. అంతదాకా మోటారును నేరుగా కలిపి వదిలేస్తే గంటకు ఆరు డిగ్రీలు తగ్గుతుందట. ఎప్పుడు ఆపాలో నన్నే లెక్క చూసి చెప్పమన్నాడు. కాలిక్యులేటర్ తీసి టకటకా నొక్కాను. ఎనిమిది, మైనస్, ఆరు, ఇంటూ, రెండు. నాలుగు వచ్చింది. నాలుగంటే బంగారం. మధ్యలో ఆపక్కర్లేదు, నింపాదిగా వెళ్లి రమ్మన్నాను. అతను వేళ్లు మడుస్తూ ఏదో గొణిగాడు. మిషన్ కన్నా నీ వేళ్లు గొప్పవా బాబాయ్ అని కసిరాను. వెళ్లాడు, చెప్పిన టైముకే తిరిగొచ్చాడు. తలుపు తీస్తే చల్లదనం పోతుందని నేను మధ్యలో ఒక్కసారి కూడా తీసి చూడలేదు.

ఇప్పుడు నా కడుపు మండిపోయింది. నోటికొచ్చిన అంకె చెప్పి నన్ను ముంచాడనీ, ఇకమీదట ఇతన్ని ఈ గడప తొక్కనివ్వొద్దనీ కాగితం రాసి, సంతకం పెట్టి, పెద్ద డాక్టరమ్మ ముందు పెట్టాను. ఇరవై ఏళ్లుగా అతని ఇల్లు నడిచేది ఈ ఆసుపత్రి పని మీదే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాశాను.

కొత్త థర్మోస్టాట్ చేతిలో పట్టుకుని బాబాయ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. డాక్టరమ్మ కాగితం చదివి, పొద్దున వేసిన లెక్క చూపించమంది. ఆవిడ ముందే మళ్లీ నొక్కాను. నాలుగు. ఆవిడ తన ఫోన్ తీసి అవే అంకెలు, అదే వరసలో నొక్కింది. మైనస్ నాలుగు.

మళ్లీ నొక్కాను, మళ్లీ నాలుగే. బల్ల మీద రెండు మిషన్లు పక్కపక్కనే, ఒకే ప్రశ్నకి రెండు జవాబులు. నీ కాలిక్యులేటర్ నొక్కింది నొక్కినట్టు చేసుకుపోయే రకం అంది ఆవిడ. అది ఎనిమిదిలోంచి ఆరు తీసి, మిగిలిన రెండుని రెండుతో గుణించింది. గుణకారం ముందు, తీసివేత తర్వాత అని ఆరో తరగతిలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న ముక్కే. ఆరు రెళ్లు పన్నెండు. ఎనిమిదిలోంచి పన్నెండు పోతే మైనస్ నాలుగు. అసలు మొదటి గంటకే రెండుకి దిగిన ఫ్రిజ్ రెండో గంటకి నాలుగుకి ఎలా ఎక్కుతుంది? చంటిపిల్లకైనా తట్టేది నాకు తట్టలేదు. నాకు నాలుగు కావాలి, నాలుగు కనిపించింది. తా వలచింది రంభ అని ఊరికే అన్నారా.

గంటకి ఆరు అని బాబాయ్ చెప్పింది అక్షరాలా నిజం.

"నీకు అనుమానం రాలేదా?" అని డాక్టరమ్మ అతన్ని అడిగింది.

బాబాయ్ థర్మోస్టాట్‌ని బల్ల మీద పెట్టి, ఎనిమిది వేళ్లు తెరిచి చూపించాడు.

"ఇవి ఎనిమిదమ్మా. మొదటి గంటకి ఆరు మడిచాను, రెండు మిగిలాయి. రెండో గంటకి ఆ రెండూ మడిచాను. ఇంకో నాలుగు మడవాలి, వేళ్లు లేవు. చదువుకున్న ఈ అమ్మ నాలుగొచ్చిందన్నారు కదా, నా వేళ్లదే తప్పనుకున్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంత జరిగినా అతని గొంతులో నిష్ఠూరం లేదు. కసిరి ఉంటే బాగుండేది. ఆ కాగితం వెనక్కి తీసుకుని, అతని పేరు ఉన్నచోటల్లా కొట్టేసి నా పేరు రాశాను.

ఎవరూ చెప్పకముందే వరండాలోకి వెళ్లాను. టీకాలు పాడైపోయాయని, ఇవాళ వెయ్యలేమని చెప్పాను. ముందు వరసలో ఒకావిడ బిడ్డని భుజానికెత్తుకుంటూ, ఎవరు పాడుచేశారని అడిగింది.

"నేనే," అన్నాను.