గోడమీది జ్యేష్ఠం

"అమ్మా, సముద్రంలో బండల మీద నిలబడి ఫోటోలు తీస్తాను" అంది మా రాజశ్రీ, వీధి చివర కిరాణాకి వెళ్ళొస్తానన్నంత తేలిగ్గా. నా చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. పెనం మీద చపాతీ మాడి పొగలొచ్చింది.

రాయపూర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. పెళ్ళిళ్ళ ఫోటోలు తీసే స్టూడియోలో పని. ఈత రాదు. ఈ వేసవిలో సెలవు పెట్టి, స్నేహితురాలు ప్రియదర్శినితో భీమిలిలో మా అన్నయ్య ఇంట్లో దిగి, తీరం పొడుగునా రాళ్ళన్నీ తిరుగుతుందట. ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. నల్లటి బండ, దాని మీద ఇంటంత కెరటం.

"ఇది తీసినోడు బతికే ఉన్నాడా?" అన్నాను.

"ఫోటో పెట్టాడంటే బతికే ఉన్నట్టు కదమ్మా!"

సిల్తారా ఫ్యాక్టరీకి వెళ్ళడానికి బూట్లు వేసుకుంటున్న మా ఆయన నవ్వారు. "మీ అమ్మ సముద్రం పక్కనే పుట్టింది. ఇప్పటికీ పాదాలు తడుపుకోదు."

నవ్వితే నవ్వారు. నా కళ్ళకి ఆ బండ మీద చెప్పుల జత ఒక్కటే కనిపిస్తోంది. పిల్ల లేదు.

ఎలా ఆపాలా అని చూస్తుంటే గోడమీద క్యాలెండర్ కనబడింది. ఏటా ఉగాదికి అన్నయ్య తెలుగు క్యాలెండర్ పంపేవాడు, ఈ ఏడు పంపలేదు. ఇది కొట్టు సేఠ్ ఇచ్చిన హిందీది. కూడబలుక్కుని చదివాను. పున్నమి మర్నాటి నుంచే జ్యేష్ఠమని ఉంది. వీళ్ళ ప్రయాణం ఆ వారంలోనే!

"జ్యేష్ఠంలో పెద్దపిల్లకి ఏదీ తలపెట్టరు. ఆ నెల వెళ్ళాక వెళ్ళు."

"ఆ పట్టింపు పెళ్ళికి కదా?" అన్నారు మా ఆయన.

"మా అమ్మ ప్రయాణానికీ వద్దనేది."

రాజశ్రీ మూతి ముడుచుకుంది. టిక్కెట్లు ఆ పై పున్నమి తర్వాతకి మార్చింది. "మా సార్ సెలవు మార్చడం ఇదే ఆఖరన్నాడు. మళ్ళీ అడ్డుపడకు, బస్, అంతే" అంది. అప్పటికి మరిచిపోతుందిలే అనుకుని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

వారం పోయాక ఈ సంగతి ఫోన్లో మా వదిన గంగాభవానికి చెప్పాను.

"ఓలమ్మా, ఇప్పుడు జ్యేష్ఠం ఏటే? మనకింకా వైశాఖమే! అమావాస్య వెళ్ళాక కదా జ్యేష్ఠం!"

"గోడమీద ఉంది వదినా!"

"అది వాళ్ళ గోడ. హిందీ వాళ్ళకి పున్నమితో నెల మారిపోద్ది. నువ్వు పంపుతానన్న రోజులే మనకి నిండు జ్యేష్ఠం. పైగా అప్పటికి వానలు దిగిపోతాయి. బండలకి పాచి పట్టేస్తాది. కెరటాలు బండలెక్కి మనుషుల్ని లాక్కుపోతాయి. ఇప్పుడైతే సముద్రం కాస్త నెమ్మదిగా ఉంది."

మంచిరోజుల్లో ఆపింది నేను. చావు రోజుల్లో పొమ్మన్నదీ నేనే!

స్పీకర్‌లో అంతా విన్న రాజశ్రీ మొహం వెలిగిపోయింది. "కెరటాలు బండలెక్కుతాయా? అదే కావాలి నాకు! థ్యాంక్స్ అమ్మా!"

వద్దంటే ఇక ఆగదు. నేనే జరిపించిన రోజులాయె. దాని ఫోన్ లాక్కుని స్టూడియో ఆయనకి కలిపాను.

"భయ్యా, రాజశ్రీకి ఛుట్టీ కల్ సే దే దో. రేపట్నుంచే సెలవిచ్చెయ్."

"ఆంటీ, మీరే కదా జేఠ్‌లో పంపనన్నారు? జేఠ్ తో అభీ చల్ రహా హై, ఇప్పుడు నడుస్తున్నదే అది!"

"మీకు జేఠ్ భయ్యా. మా ఇంట్లో ఇంకా వైశాఖం. వానలు దిగకముందే పిల్ల తిరిగి రావాలి. దయచేసి..." ఏడుపొచ్చేసింది. ఏమనుకున్నాడో పాపం, ఒప్పుకున్నాడు.

రాజశ్రీ నోరు తెరిచి నన్నే చూస్తోంది. "అమ్మా, నువ్వేనా?"

నాకే నమ్మకం లేదు. పెరట్లోకి వెళ్ళి ఆరిన బట్టలు తీసి పక్కన పడేశాను. దండెం తాడు విప్పి దాని కెమెరా సంచిలో కుక్కాను.

"ఇదెందుకమ్మా?"

"నడుముకి కట్టుకో. రెండో కొస ప్రియదర్శిని పట్టుకుంటుంది. అలా పట్టుకున్న ఫోటో రోజూ నాకు పంపాలి. ముందు అది, తర్వాతే నీ సముద్రం."