ఒక్క సెల్లు టార్చి

హూడిలో రత్నమ్మ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్న ఓంకార్, ఆ పొద్దున ఆరున్నర బస్సుకి కుమార పర్వతం ఎక్కడానికి రెండు రోజులకని బయల్దేరాలి. నాలుగింటికే లేచి చపాతీలు మూట కట్టేశాడు. ఇక కాలు నిలవలేదు. రత్నమ్మ ఇచ్చిన చెనిక్కాయల పొడి మెత్తబడిందేమోనని డబ్బా తెరిచి రుచి చూశాడు. మూసి, మళ్లీ తెరిచాడు. వారం రోజులుగా నొక్కి చూస్తున్న టార్చిని మళ్లీ నొక్కాడు. నొక్కిన ప్రతిసారీ హాల్లో గోడ గడియారం వంక చూశాడు.

ఐదున్నరకల్లా డబ్బా సగమైంది. టార్చి ఎర్రగా మినుక్కుమని ఆరిపోయింది. అంగళ్లేమో ఏడు దాటితే గాని తెరవరు.

“ఎన్నితూర్లు చూస్తావప్పా? చూసి చూసే చంపేస్తివి దాన్ని!” అంది రత్నమ్మ.

గోడ గడియారం దించి, దాని సెల్లు ఊడదీసి టార్చిలో వేసింది. టార్చి తెల్లగా వెలిగింది. ఓంకార్ అలవాటుగా గోడ వంక చూశాడు. అక్కడ మేకు ఒక్కటే ఉంది.

“టైమెంతయిందమ్మా?”

“ఈ రెండు దినాలూ మా ఇంటి టైము నీ దగ్గరే ఉండాది. ఊరికే నొక్కి నొక్కి అయిపోగొట్టాకప్పా.”