ట్రాలీ మీద నీళ్లు

తెల్లవారినప్పటి నుంచి తిరుపాలమ్మకు గుండెదడ. కూతురు సరళకు పుట్టుచెవుడు. అలాంటి పిల్ల ఇవాళ ఊరందరి ముందు చెక్కభజన ఆడబోతోంది. పైగా ఊరవతలి వీళ్ల కాలనీ ఆడపిల్లలు చెక్కలు చేతబట్టడం ఇదే మొదలు. ఒక్క అడుగు తప్పితే చాలు, ఊరి నోళ్లకు మూతలుండవు.

ఆట నేర్పిన కుళ్లాయప్ప ముందే చెప్పేశాడు. "ఇయ్యాల తడబడకుండా ఆడితే పాప జట్టులో ఉంటాదమ్మా. తడబడితే పెద్దోళ్లు తీసేయమంటారు. నా మాట సాగదు."

మొదట్లో ఆమె అతనితో పోట్లాడింది. "ఇనపడని బిడ్డకు చెక్కలేందన్నా? నవ్వులపాలు చేస్తావా?"

"చెవులతో కాదులే, అరికాళ్లతో ఇంటాది. నువ్వే ఎక్కి చూడు" అని ఆమెను ట్రాక్టర్ ట్రాలీ ఎక్కించి, డోలును ఇనుప రేకుకు ఆనించి కొట్టాడు. దెబ్బదెబ్బకూ కాళ్లు జుమ్మన్నాయి. ఆ తర్వాత ఆమె పిల్లను ఆటకు పంపింది గానీ, భయం మాత్రం పోలేదు.

ఇవాళ కూడా ఆ ట్రాలీయే వేదిక. ఆట చూడ్డానికి పెద్దోళ్లు పిలిచిన అతిథులు తీరిగ్గా వచ్చేసరికి పొద్దున జరగాల్సిన ఆట మిట్టమధ్యాహ్నమైంది. ఇనుము కాలిపోతోంది. పిల్లల కాళ్లు బొబ్బలెక్కుతాయని ఎవరో మందపాటి జంపఖానా తెచ్చారు. పరచడానికి తిరుపాలమ్మ కూడా ఒక చెయ్యి వేసింది.

కుళ్లాయప్ప రేకుకు ఆనించిన డోలు మోగింది. మిగతా పిల్లలు కదిలారు. సరళ కదల్లేదు. కాళ్ల కిందికి చూసుకుంది, తర్వాత తల్లి వైపు చూసింది. అప్పుడు తెలిసింది తిరుపాలమ్మకు, తన చేత్తోనే ఎంత పని చేసిందో. ఆ మందపు జంపఖానా మీద డోలు దెబ్బ పిల్ల అరికాళ్లకు అందడం లేదు. జనంలో అప్పుడే నవ్వులు మొదలయ్యాయి.

సరళ కాలితో జంపఖానాను పక్కకు నెట్టి ఇనుము మీద నిలబడింది. వెంటనే కాలు పైకి లాక్కుంది. మళ్లీ పెట్టింది. పళ్లు బిగబట్టింది. చేతుల్లో చెక్కలు డోలుతో కలిశాయి, కాళ్లు మాత్రం నిలవడం లేదు.

పక్కన బల్ల మీద అతిథుల నీళ్ల బిందెలు. ట్యాంకరు వస్తే తప్ప నీళ్లు చూడని ఊరు. కాలనీ వాళ్లెవరూ ఇంతవరకు ఆ బిందెల మీద చెయ్యి వేసింది లేదు. తిరుపాలమ్మ అటు నడిచింది. ఒక బిందె ఎత్తుకుంది.

"ఏయ్, అవి తాగే నీళ్లు. యాడికి తీసకపోతాండావు?" వెనకనుంచి ఎవరో గద్దించారు.

ఆమె ఆగలేదు. ట్రాలీ దగ్గరికి పోయి బిందెడు నీళ్లూ కూతురి కాళ్ల కింద కుమ్మరించింది. ఇనుము చుయ్యిమంది. సరళ తడిలో అడుగు వేసింది. రెండో అడుగు డోలు దెబ్బ మీదే పడింది. కుళ్లాయప్ప తల వంచుకుని ఇంకా గట్టిగా కొట్టాడు.

వెనక కేకలు పెరిగాయి. ఎవరో ఇటే వస్తున్నారు. తిరుపాలమ్మకు అటు తిరిగి చూడాలంటే భయమేసింది. ట్రాలీ మీద నీళ్లు అప్పుడే ఆరిపోతున్నాయి, పాట ఇంకా సగం కూడా కాలేదు. భయపడుతూనే వెళ్లి రెండో బిందె ఎత్తుకుంది.