పరుపు వెనక బాబాయి

ఆ ఇండోర్ హాలు కట్టినవాడెవడో గానీ, పరిగెత్తడం గురించి బాగానే ఆలోచించి ఆగడం సంగతి మర్చిపోయాడు. అరవై మీటర్ల ట్రాక్ చివర తెల్లగీత, అది దాటి ఇరవై అడుగులకే గోడ. అందుకని హాలు చూసుకునే బాబాయి ఒక మందపాటి పరుపు నిలబెట్టి, వెనక నుంచి భుజం ఆనించి కాచుకునేవాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు వచ్చి దాన్ని గుద్దుకునేవాళ్ళు.

హాల్లో అందరికీ ఆయన బాబాయే. ఒక్క పిల్లకి మాత్రం సొంత బాబాయి. అన్నగారి కూతుర్ని ఆరో ఏట నుంచి ఆయనే పెంచాడు. శనివారం ఆ పిల్లకి సెలక్షన్. ఏడు సెకన్ల తొంభై లోపు వస్తే శిక్షణ హాస్టల్లో సీటు, రాకపోతే వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. పిల్లేమో రెండు నెలలుగా ఎనిమిది దగ్గరే మేకు కొట్టినట్టు ఆగిపోయింది.

గురువారం కోచ్ మేడమ్ తన ఫోన్లో వీడియో తీసి చూపించింది.

"యాభై మీటర్ల దాకా గుర్రానివే. ఇక్కడ చూడు, మడమలు నేలకి ఆనుతున్నాయి. బ్రేకు వేస్తున్నావు."

"లేదు మేడమ్."

"నీ బరువు యాభై రెండు కిలోలు, వేగం సెకనుకి ఎనిమిది మీటర్ల పైచిలుకు. రెండూ గుణిస్తే నీ ద్రవ్యవేగం. అంత జోరూ గీత దాటాకే ఖర్చవ్వాలి. నువ్వు ముందే తగ్గించేస్తున్నావు. గోడంటే భయమా?"

పిల్ల వంగి బూటు లేసు లాక్కుంది. "గోడకేం మేడమ్. మధ్యలో బాబాయి ఉంటాడు కదా," అంది.

ఆ మాట అటుగా వస్తున్న బాబాయి చెవిన పడింది. పోయినేడు ఈ పిల్ల తాకిడికే ఆయన పక్కటెముక చిట్లింది. "ఏం కాలేదే," అని నవ్వేసి, కట్టు కనపడకుండా మెడ దాకా గుండీలు పెట్టుకు తిరిగాడు. నమ్మిందనుకున్నాడు. తను కాచుకుని ఉన్నాననే ధైర్యంతోనే అది అంత జోరుగా వస్తోందని ఇన్నాళ్ళూ లోలోపల మురిసిపోయాడు కూడా, పాపం. ఇప్పుడు మనసు చివుక్కుమంది.

ఆ గోడకి మధ్యలో సామాన్ల గది తలుపులున్నాయి. లోపల విరిగిన కుర్చీలు ఏళ్ళ తరబడి గుట్టగా పడున్నాయి. శుక్రవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన ఒక్కడే వాటిని బయటికి మోశాడు. గది అవతలి గోడకి పరుపులు తాళ్ళతో బిగించి, తలుపులు బార్లా తెరిచాడు.

"బాబాయ్, పరుపేది?" అంది శనివారం పిల్ల, కంగారుగా.

"లోపల కట్టేశాను. గీత దాటాక ఇంకో నలభై అడుగులు ఎక్కువే. నేనా, ఇదుగో, ఈ పక్కన కూర్చుంటా. నాకేం కాదు, పో."

తుపాకీ పేలింది. యాభై మీటర్లు దాటినా మడమ ఆనలేదు. పిల్ల గీత దాటింది, తలుపులు దాటింది, లోపల ధబ్బుమని చప్పుడైంది. కోచ్ మేడమ్ వాచీ చూసి, "ఏడు ఎనభై ఏడు," అని గట్టిగా చదివింది. హాలంతా చప్పట్లు.

బాబాయి మాత్రం కదల్లేదు. ఇన్నేళ్ళూ పరుపు వెనక నుంచి అడుగుల చప్పుడు విన్నాడే గానీ, ఆ పిల్ల పరిగెత్తడం కళ్ళారా చూడటం ఆయనకి అదే మొదటిసారి.

పిల్ల రొప్పుకుంటూ బయటికొచ్చింది. "ఎంతొచ్చింది బాబాయ్?"

"ఏమోనే," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ. "నిన్ను చూడటంతోనే సరిపోయింది."